ఆ ఫోన్ ఎవరింట్లో మోగుతుంది?

నాకు తెరచాప పడవ నడపడం వచ్చంటే ఎవరూ నమ్మరు. హైదరాబాద్‌లో ఎక్కడ నేర్చుకున్నావయ్యా అంటారు. హుస్సేన్ సాగర్‌లో అంటే ముక్కు మూసుకుని నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. ఈ ఊళ్ళో సెయిలింగ్ ఈనాటిది కాదు. సికింద్రాబాద్ వైపు బోట్స్ క్లబ్ దగ్గర, సైన్యంలో ఇంజనీర్ల విభాగం ఈఎంఈ వాళ్ళ దగ్గర, సంజీవయ్య పార్కు పక్కన యాట్ క్లబ్‌లో ఎప్పట్నించో జరుగుతోంది. జూన్, జులైల్లో వానగాలి పట్టుకుందంటే సాగర్ నిండా తెల్లటి తెరచాపలే. నలభై దాటాక నేనూ వెళ్ళి చేరాను. లేజర్ అని ఒక చిన్న పడవ ఉంటుంది. నాలుగు మీటర్ల పైచిలుకు పొడవు, ఒక్క మనిషి, ఒక్క తెరచాప. మొదటి నెలంతా నేను పడవ మీద ఉన్నదానికంటే నీళ్ళలో ఉన్నదే ఎక్కువ. ఆ నీళ్ళ రుచి గురించి ఇక్కడ రాయను.

అయినా భయమేసేది కాదు. ఒంటి మీద ఫోమ్ నింపిన లైఫ్ జాకెట్, కూతవేటు దూరంలో రెస్క్యూ బోటు. పడవ బోర్లా పడితే దాని అడుగుపలక మీద నిలబడి బరువేసి లేపుతాం. లేపలేకపోతే రెస్క్యూ బోటు కుర్రాడు వచ్చి ఒక నవ్వు నవ్వి లేపుతాడు. పోటీల రోజున పసుపు, ఎరుపు ఏటవాలు చారల జెండా ఎగరేస్తారు. దాన్ని వై జెండా అంటారు. అది ఎగిరాక జాకెట్ లేనివాడు పోటీలో లేనట్టే. మొత్తం మీద నా ప్రాణం సంగతి చూసే పని వేరే ఎవరిదో. ఆ అలవాటుతోనే నేను సముద్రం మీదికి పోయాను.

మా కెప్టెన్ గారు నేవీలో పనిచేసి రిటైరై సైనిక్‌పురిలో ఉంటున్నారు. ముంబయిలో ఎవరిదో సెకండ్ హ్యాండ్ పడవ, 34 అడుగులది, కొన్నారు. దాన్ని గోవా చేర్చాలి. నవంబరు చివరి వారం, సముద్రం శాంతంగా ఉండే రోజులు. ఆయన, నేను, మలక్‌పేటలో ఉండే నా చిన్ననాటి స్నేహితుడు, అమెరికా నుంచి కొత్తగా తిరిగొచ్చిన కెప్టెన్ గారి మేనల్లుడు. నలుగురం.

బయల్దేరే ముందు సైనిక్‌పురిలో ఒక చిన్న గొడవ జరిగింది. మేనల్లుడి దగ్గర అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదిగా ఒక శాటిలైట్ మెసెంజర్ ఉంది. సిగ్నల్ లేనిచోట కూడా మెసేజ్ పోతుంది. "కొండలెక్కే వాళ్ళందరూ పెట్టుకుంటారు మావయ్యా, ప్రాణాలు కాపాడేది" అంటాడు అతను. "ఇక్కడ టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోనైనా, ఇదైనా దగ్గర పెట్టుకుంటే కేసవుతుంది, బీరువాలో పెట్టు" అంటారు ఆయన. అరగంట వాదించుకున్నారు. చివరికి అది బీరువాలోకే పోయింది. నాకు మాత్రం కెప్టెన్ గారిది చాదస్తం అనిపించింది.

మొదటి రోజు సాయంత్రానికి మురుద్ దాకా వచ్చాం. చీకటి పడుతుంటే గాలి హఠాత్తుగా పెరిగింది. ముందు తెరచాప దించడానికి నేనే పడవ ముక్కు దాకా పాకుతూ వెళ్ళాను. పడవ లేస్తోంది, పడుతోంది. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో గుడ్డ లాగుతూ, జాకెట్ ఉంది కదా అని ధైర్యం చెప్పుకున్నాను. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

రెండో రోజు మధ్యాహ్నం. రత్నగిరి ఇంకా దూరం. వెనకనుంచి మంచి వాయవ్యపు గాలి, ఎండ, స్పీకర్లో పాత పాటలు. మలక్‌పేటవాడు పులిహోర ప్లేట్లలో పెడుతున్నాడు. పడమటి దిక్కున తెల్లటి ఓడ ఒకటి కనబడింది, పక్కన ఏటవాలుగా కాషాయపు పట్టీ. దూరంగా పోతోందనుకున్నాం. పోవడం లేదు, మా వైపే తిరుగుతోంది.

ఖైరతాబాద్ ఫ్లైఓవర్ దిగగానే ట్రాఫిక్ పోలీసులు కనబడితే మన చెయ్యి తనంతట తానే జేబులోకి పోతుంది. ఆర్‌సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్. ఎమ్-వ్యాలెట్ వచ్చాక కాగితాల బాధ తగ్గింది గానీ ఆ గుండెదడ తగ్గలేదు. పక్కసీటువాడు అప్పటికే 'మా బావమరిది ఎస్సై' అని నంబరు వెతుకుతుంటాడు. ఒడ్డుకి ఇన్ని మైళ్ళ దూరంలో కూడా సరిగ్గా అదే జరిగింది. నా చెయ్యి జేబులో ఉంది. మలక్‌పేటవాడు "మామా, మనకి ముంబయిలో ఎవరన్నా తెల్సా?" అంటున్నాడు.

కెప్టెన్ గారు ఒక్క ఉదుటున కిందికి దిగి రేడియో చూశారు. వీహెచ్ఎఫ్ 16వ చానల్ మీదే ఉంది, కానీ వాల్యూమ్ సున్నా. పొద్దున్నించీ చేపల పడవల వాళ్ళు ఒకటే మాట్లాడుకుంటున్నారని, పాటలకి అడ్డమొస్తోందని మావాడు తగ్గించేశాడట. కోస్ట్ గార్డ్ వాళ్ళు అప్పటికి మూడుసార్లు పిలిచారు. సముద్రం మీద అందరూ వినాల్సిన చానల్ అదొక్కటే. ఎవరైనా మునిగిపోతూ అరిచినా అందులోనే అరుస్తారు. కెప్టెన్ గారు మావాణ్ణి ఏమీ అనలేదు. ఒక్క చూపు చూశారు. వాడు స్పీకర్ కట్టేశాడు. ఆ తర్వాత గోవా దాకా పాట లేదు.

రేడియోలో అడిగినవి మామూలు ప్రశ్నలే. పడవ పేరు, ఎక్కడినుంచి, ఎక్కడికి, ఎంతమంది, ఏ దేశస్థులు. తర్వాత తెరచాపలు దించి, ఇంజను మీద నెమ్మదిగా ఒకే దిక్కుకి పొమ్మన్నారు. అందరూ వెనక కాక్‌పిట్‌లో కనబడేలా కూర్చోమన్నారు. ఓడ నుంచి రబ్బరు పడవ దిగింది. అది వచ్చేలోగా కెప్టెన్ గారు మాకు చిన్న క్లాసు పీకారు. 1970లలో స్మగ్లింగ్ మరీ మితిమీరితే దాన్ని ఆపడానికి 1977లో కోస్ట్ గార్డ్ పెట్టారట. 2008 నవంబరు ముంబయి దాడుల తర్వాత ఈ తీరంలో లెక్కే మారిపోయింది. ఆ పదిమంది ఉగ్రవాదులు కుబేర్ అనే చేపల పడవని స్వాధీనం చేసుకుని ముంబయి దాకా వచ్చి, రబ్బరు పడవలో ఒడ్డెక్కారు. "పిలిస్తే పలకని పడవ అంటే వాళ్ళకి ఏం గుర్తొస్తుందో ఆలోచించండి" అన్నారు. పులిహోర ప్లేట్లు అట్లాగే ఉన్నాయి.

ముగ్గురు ఎక్కారు. ఆఫీసర్‌కి ముప్పై కూడా ఉండవు. హిందీలో నమస్కారం పెట్టి, మొదటి ప్రశ్నే "శాటిలైట్ ఫోన్ గానీ, అలాంటిది ఏదైనా గానీ ఉందా?" అని. మేనల్లుడు మావయ్య మొహం చూశాడు. నేను సముద్రం చూశాను. లేదన్నారు కెప్టెన్ గారు. అయినా బ్యాగులు చూశారు, మంచాల కింద చూశారు, ఇంజను గది చూశారు. మా గోంగూర పచ్చడి డబ్బా మూత కూడా తీశారు. తీసిన కుర్రాడు వాసన చూసి ఆగిపోయాడు. "తెలుగోళ్ళా సార్?" శ్రీకాకుళం జిల్లా అట, సోంపేట వైపు. "హైదరాబాదా? హైదరాబాద్‌లో సముద్రం ఎక్కడుంది సార్?" అన్నాడు. నా బిగుసుకున్న భుజాలు అప్పుడు కాస్త వదులయ్యాయి. ఉస్మానియా బిస్కెట్లు, టీ తీసుకోమన్నాం. డ్యూటీ అని ముగ్గురూ వద్దన్నారు.

కాగితాల దగ్గర నా తెలివి బయటపడింది. ఆధార్ అడిగితే ధీమాగా డిజిలాకర్ తెరిచాను. తెరుచుకోలేదు. సిగ్నల్ ఉంటే కదా! ఫోన్ పైకెత్తి, అటూ ఇటూ తిప్పి, పెళ్ళిలో వీడియో తీసేవాడిలా తిరిగాను. సోంపేట కుర్రాడు నవ్వాపుకుంటున్నాడు. అదృష్టం, మా ఆవిడ బ్యాగు అడుగున జిరాక్సు పెట్టింది. కెప్టెన్ గారివి మాత్రం అన్నీ జిప్ కవర్‌లో వరసగా ఉన్నాయి. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు, అమ్మకం పత్రం, మా నలుగురి పేర్ల లిస్టు. ఆఫీసర్ పత్రాలు చదివి, వెనక కట్టిన లైఫ్‌బోయ్, అదే నీళ్ళలో పడ్డవాళ్ళకి విసిరే తేలే చక్రం, దాని వైపు చూశాడు. మళ్ళీ పత్రం చూశాడు. "ఈ పడవ పేరు ఏది?"

లైఫ్‌బోయ్ మీద పాత పేరుంది. కెప్టెన్ గారు కొన్నాక పడవకి కొత్త పేరు పెట్టి, వెనక అందంగా రాయించారు. లైఫ్‌బోయ్ సంగతి ఎవరికీ తట్టలేదు. చూసేవాళ్ళకి అది దొంగ పడవే. అమ్మకం పత్రంలో పాత పేరు ఉంది కాబట్టి సరిపోయింది. కానీ మా అందరిలో ఎక్కువ తెలిసిన మనిషి మొహం అప్పుడు మొదటిసారి వాడిపోయింది.

తర్వాత జాకెట్లు. ఆరున్నాయి. గాలి నింపుకునే రకం. నీళ్ళలో పడితే లోపలి చిన్న సిలిండర్‌లోంచి కార్బన్ డయాక్సైడ్ వచ్చి ఉబ్బుతుంది. "మీరు వేసుకుని చూపించండి" అని ఆఫీసర్ నన్నే అన్నాడు. నిన్నంతా వేసుకున్నదే, అయినా నలుగురూ చూస్తుంటే తొడల మధ్య పట్టీ ఎటునుంచి ఎటో అర్థం కాలేదు. ఆయన ఓపిగ్గా సర్ది, జాకెట్ జిప్ తీసి, సిలిండర్‌ని రెండు వేళ్ళతో తిప్పాడు. సీసా మూతలా తిరిగి ఊడొచ్చింది. గట్టిగా బిగించి ఉండాల్సింది. దాని మూతి నా కళ్ళ ముందు పెట్టాడు. చక్కటి ఇత్తడి రంగు మూత, దాని నడిమధ్య సూది దిగినంత నల్లటి బెజ్జం.

అది అప్పటికే పేలిపోయిన సిలిండర్. గ్యాస్ లేదు. ఎప్పుడో ఎవరో జాకెట్ ఉబ్బించి, మడిచి, ఖాళీ సిలిండర్‌నే మళ్ళీ తగిలించారు. మురుద్ దగ్గర ఆ చీకట్లో నా ఒంటి మీద ఉన్నది అదే జాకెట్. నోటితో ఊదుకునే గొట్టం ఉంటుంది నిజమే. ఆ అలల్లో నేను దాన్ని వెతికి ఊదేవాణ్ణా? ఆయన నన్నేమీ అనలేదు. సిలిండర్ నా అరచేతిలో పెట్టాడు, అంతే. చల్లగా ఉంది.

ఫ్లేర్ల దగ్గర, అంటే ఆపదలో సాయం కోసం వెలిగించేవాటి దగ్గర, కూడా అట్లాంటిదే. చేత్తో పట్టుకునే ఎర్రవి నాలుగు, పగటిపూట కనబడే నారింజ పొగవి రెండు బాగానే ఉన్నాయి. పారాచూట్ రాకెట్లు రెండింటికీ ఆగస్టులోనే గడువు అయిపోయింది. కెప్టెన్ గారు "అవి అయినా పైకి పోతాయి" అన్నారు. దీపావళి మందు మిగిలితే మరుసటేడు కాల్చమా అన్నట్టు. ఆఫీసర్ నవ్వాడు. రాకెట్ 300 మీటర్ల ఎత్తుకు పోయి 40 సెకన్లు వెలిగితేనే దూరాన ఓడలో ఎవడో ఒకడు తలతిప్పి చూస్తాడని, మీ దగ్గరున్నవి రెండే అని, అందులో ఒకటి తుస్సుమంటే ఇక లెక్క మీరే వేసుకోండని అన్నాడు. మంటలార్పే సిలిండర్ తెమ్మని మావాణ్ణి పంపాడు. వాడు వెళ్ళి, గ్యాస్ స్టవ్ మీదుగా వంగి, వెనక గోడకి తగిలించిన దాన్ని పీకి తెచ్చాడు. సూది పచ్చగీత మీదే ఉంది. "బాగుంది. మరి స్టవ్వే అంటుకుంటే?" అన్నాడు ఆఫీసర్. ఇంతకంటే తేలిక ప్రశ్న ఉండదు. పడవ కొన్నాక ఒక్కళ్ళం కూడా అడగలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఈపర్బ్ ఒక ఎత్తు. పడవ మునిగితే తనంతట తాను 406 మెగాహెర్ట్జ్ మీద అరిచే పసుపుపచ్చ డబ్బా. ఆ అరుపు ఉపగ్రహాలు విని బెంగళూరులో ఇస్రో వాళ్ళ కేంద్రానికి చెబుతాయి. అక్కణ్ణించి కోస్ట్ గార్డ్‌కి పోతుంది. పడవలో అన్నిటికంటే ఖరీదైనది అదేనని, కొత్త బ్యాటరీ అని కెప్టెన్ గారు కాస్త గర్వంగానే చూపించారు. ఆఫీసర్ దాని మీది నంబరు రాసుకుని, రిజిస్ట్రేషన్ ఎవరి పేర అని అడిగాడు.

"పాత ఓనర్ చేయించాడు."

"ఫోన్ కిస్‌కే ఘర్ మే బజేగా?"

ఫోన్ ఎవరింట్లో మోగుతుందని. మాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన చెప్పాడు. ఆ డబ్బాలు పొరపాటున మోగడం మామూలే. ఎవరో కడుగుతూ స్విచ్ నొక్కుతారు, ఎవరో అటకెక్కిస్తూ తడుపుతారు. అందుకని సిగ్నల్ రాగానే ముందు రిజిస్ట్రేషన్‌లో రాసిన నంబరుకి ఫోన్ చేస్తారు. పడవ సముద్రంలో ఉందా, ఎంతమంది ఉన్నారు, రంగేమిటి, ఎటు పోతోంది? ఆ జవాబులు పట్టుకుని వెతుకులాట మొదలవుతుంది. మా పడవ పాత ఓనర్ ఇప్పుడు దుబాయ్‌లో ఉంటున్నాడు. నేను ఆ ఫోన్‌కాల్‌ని అక్కడే కూర్చుని ఊహించుకున్నాను. "పడవా? అమ్మేశాను కదండీ. ఎవరికా? హైదరాబాద్ వాళ్ళెవరో. పేరూ... గుర్తులేదు." ఇంతలో మేం నలుగురం నీళ్ళలో, నేను ఆ బెజ్జం పడ్డ జాకెట్‌తో.

మొత్తం ముప్పావు గంట. జరిమానా లేదు, కసురుకోవడం లేదు. ఏమేం సరిచెయ్యాలో ఒక కాగితం మీద రాసి కెప్టెన్ గారి సంతకం తీసుకున్నాడు. రేడియో వాల్యూమ్ గురించి ఒక్క మాట అన్నాడు. ఫోన్ సిగ్నల్ ఉన్నచోట అయితే 1554 గుర్తుపెట్టుకోమన్నాడు, అది కోస్ట్ గార్డ్ నంబరు. సోంపేట కుర్రాడు దిగబోతూ "వస్తాను సార్, జాగ్రత్త" అన్నాడు. తెల్లటి డెక్ మీద వాళ్ళ నల్లబూట్ల మచ్చలు మిగిలాయి. గోవా చేరాక కడిగినా పూర్తిగా పోలేదు.

గోవా నుంచి బస్సులో వచ్చాం. మిగతా ఐదు సిలిండర్లు నా బ్యాగులోనే. నిండుగా ఉన్నాయో లేదో తెలియాలంటే తూకం వెయ్యాలి. ఎంత బరువుండాలో సిలిండర్ మీదే కొట్టి ఉంటుంది, గ్రాముల్లో. మా వంటింటి త్రాసు మీద నాకు నమ్మకం లేదు. దాని లెక్కన మా ఆవిడ కేకు ఒక్కసారీ కుదరలేదు. అందుకని జనరల్ బజార్‌లో మాకు తెలిసిన నగల షాపుకి పట్టుకెళ్ళాను. సేఠ్ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి "ఏ లోహం సార్ ఇది?" అన్నాడు. విషయం చెబితే పక్క కౌంటర్ వాళ్ళని కూడా పిలిచాడు. బంగారం తూచే త్రాసు మీద ఒక్కొక్కటే పెట్టాం. నాలుగు సరిపోయాయి. ఐదోది ఏడు గ్రాములు తక్కువ. "ఏడు గ్రాములంటే తక్కువేం కాదు" అన్నాడు సేఠ్ చాలా గంభీరంగా.

ఈపర్బ్ రిజిస్ట్రేషన్ మార్చడం ఫారం నింపి పంపడమే. పెద్ద పని కాదు. చిక్కు వేరే వచ్చింది. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్న గడి దగ్గర కెప్టెన్ గారి పెన్ను ఆగిపోయింది. ఆయన భార్య చెవులు సరిగా వినబడవు. మలక్‌పేటవాడి తమ్ముడు ఫోన్ ఎప్పుడూ సైలెంట్. నేను ధైర్యంగా మా ఆవిడ నంబరు చెప్పాను. చెప్పాక అనుమానం వచ్చింది. అక్కడే కూర్చుని, సైనిక్‌పురి ల్యాండ్‌లైన్ నుంచి చేశాను. మోగింది, మోగింది, కట్ అయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ కట్. ఇంటికెళ్ళి అడిగితే "తెలియని నంబర్లు నేనెందుకు ఎత్తుతానండీ? పొద్దున్నించీ లోన్ కావాలా, ప్లాట్ కావాలా అని ఒకటే గోల" అంది. తప్పు లేదు. బెంగళూరు నుంచి 080తో ఫోన్ వస్తే నేనూ ఎత్తను.

వరసగా ఎనిమిది మందికి చేసి చూశాం. మొదటి రింగుకే ఎత్తింది ఒక్కరే, మా మామగారు. లాలాగూడలో ఉంటారు. రైల్వేలో కంట్రోల్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన లోన్ వాళ్ళ ఫోన్ కూడా ఎత్తుతారు. ఎత్తి, పేరు, ఆఫీసు ఎక్కడ, వడ్డీ ఎంత అన్నీ అడిగి రాసుకుంటారు. వాళ్ళే విసుగెత్తి పెట్టేస్తారు. గడిలో ఆయన నంబరు రాశాం. విషయం చెప్పడానికి వెళితే ముసలాయన మహా ఉత్సాహపడిపోయారు. 1990 మార్చిలో బుద్ధ విగ్రహంతో బార్జి ఒరిగిపోయి మనుషులు పోయిన రోజున తను ఏ డ్యూటీలో ఉన్నారో, 1992 డిసెంబరులో విగ్రహాన్ని పైకెత్తి నిలబెట్టేదాకా జనం ఏమనుకునేవారో అన్నీ చెప్పారు. తర్వాత పొడవాటి రిజిస్టరు ఒకటి తీసి గళ్ళు గీశారు. పడవ పేరు, పాత పేరు, రంగు, మనుషులు, బయల్దేరిన టైము, చేరాల్సిన టైము, చేరిన టైము. పై అంచున ఎర్ర ఇంకుతో 1554.

గోవా పడవ సంగతి సరే, ఇప్పుడు సాగర్‌కి వెళ్ళినా ఆయనకి చెప్పే వెళ్ళాలి. పోయిన ఆదివారం గాలి బాగుందని ఇంకో రెండు రౌండ్లు కొట్టి, ఒడ్డుకొచ్చి బట్టలు పిండుకుంటున్నాను. ఫోన్ మోగింది. పది గంటల పది నిమిషాలు.

"బాబూ, తొమ్మిదిన్నరకి చేరాలి మీరు. నలభై నిమిషాలు లేటు. కారణం ఏం రాయమంటారు?"

గాలి అని రాయమన్నాను.